నేతలు తలుపులేసుకుని మూడు గంటలు అసలు ఏం తేలుస్తారు?

గోడమీదపిల్లి
ఈ అగ్రనేతల భేటీల మీద నాకు నమ్మకం పోయింది. 2025 ఆగస్టు 15న ఉక్రెయిన్ యుద్ధం గురించి ట్రంప్, పుతిన్ అలాస్కాలో కలిశారు గుర్తుందా? వారం ముందు నుంచి టీవీల్లో ఒకటే హడావుడి. ఎర్ర తివాచీ, నెత్తిమీద బాంబర్ విమానం, ఒకే కారులో ఇద్దరూ. దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. బయటికొచ్చి చెరో నాలుగు మాటలు చెప్పి, విలేకరుల నుంచి ఒక్క ప్రశ్న కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. తర్వాత భోజనం చేస్తూ మాట్లాడుకోవాల్సింది, అదీ రద్దు. మళ్లీ బుడాపెస్ట్‌లో కలుస్తారన్నారు, అక్టోబర్‌కల్లా ఆ ముచ్చటా అటకెక్కింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. లోపల నిజంగా బేరం జరుగుతుందా, లేక అంతా ముందే అయిపోయి వీళ్లు ఫోటోలకి వస్తారా? ముందే అయిపోతే మూడు గంటలు దేనికి? ముందే కాకపోతే మూడు గంటలు ఏ మూలకి? అందులో దుబాసీ మాట్లాడే టైమ్ తీసేస్తే మిగిలేది గంటన్నరే.

కాఫీకప్పు
ఫోటోలకే. థ్రెడ్‌కి తాళం వేసేయండి.

పాతపేపర్
అంత తేలిగ్గా తీసేయకండి. మామూలుగా ఇలాంటి భేటీకి నెలల ముందే రెండు వైపుల అధికారులు కూర్చుంటారు. జీ7, జీ20ల్లో వాళ్లని షెర్పాలు అనే అంటారు, కొండ ఎక్కేవాడి మూట మోసేది వాళ్లే కాబట్టి. ఉమ్మడి ప్రకటన ముసాయిదా వాళ్లే రాస్తారు. ఒప్పుకోని మాటలన్నీ చదరపు బ్రాకెట్లలో పెట్టి వదిలేస్తారు. మొదట్లో పేజీ నిండా బ్రాకెట్లే ఉంటాయి. ఒక్కొక్కటీ తీసుకుంటూ పోతే నేతల దగ్గరికి వచ్చేసరికి రెండో మూడో మిగలాలి. ఆ రెండు మూడూ మాత్రం ఏ అధికారీ తన పెన్నుతో కొట్టేయలేనివి. అక్కడే నేత అవసరం.

అలాస్కాలో ఏమైందంటే బ్రాకెట్లు తీసే పని జరగకుండానే నేతలు వచ్చేశారు. భేటీ ఖాయమైంది ఎప్పుడో చూడండి, వారం ముందు.

ఎర్రసిరా
పాతపేపర్ గారూ, మీరు చెప్పింది పుస్తకంలో పద్ధతి. రేక్యావిక్‌ని ఏం చేద్దాం మరి? ఐస్‌లాండ్ రాజధాని, 1986 అక్టోబర్ 11, 12. అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్. అది అసలు భేటీ కూడా కాదు, అసలు భేటీకి ముందు చిన్న కలయిక అన్నారు. పెద్దగా ముసాయిదాలు లేవు. గోర్బచేవ్ వస్తూనే దూరశ్రేణి అణ్వస్త్రాలు సగం తగ్గిద్దాం, ఐరోపాలో మధ్యశ్రేణి క్షిపణులు మొత్తం తీసేద్దాం అని బల్ల మీద పెట్టాడు. నిపుణులు ఆ రాత్రంతా నిద్ర లేకుండా కూర్చున్నారు. అది చిన్న ఇల్లు, హొఫ్డీ హౌస్ అని. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు అమెరికా అధికారులకు రాసుకోవడానికి చోటు దొరక్క స్నానాల తొట్టి మీద చెక్క వేసుకుని ముసాయిదా రాశారట. సాయంత్రానికి ఇద్దరు నేతలూ మొత్తం అణ్వాయుధాలే లేకుండా చేద్దామనే దాకా వెళ్లిపోయారు!

అధికారుల చేతుల్లో ఉంటే వందేళ్లకి కూడా ఆ మాట వచ్చేది కాదు.

కాఫీకప్పు
స్నానాల తొట్టి మీద ప్రపంచ శాంతి 😂

లాజిక్‌లక్ష్మి
వెళ్లారు సరే, ఏమైంది చివరికి? ఒట్టి చేతుల్తో తిరిగొచ్చారు కదా.

ఎర్రసిరా
ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ప్రయోగశాల. రీగన్‌కి శత్రు క్షిపణుల్ని ఆపే అంతరిక్ష రక్షణ కవచం మీద మోజు. గోర్బచేవ్ ఏమన్నాడంటే, పదేళ్లపాటు ఆ పరీక్షలు ప్రయోగశాల దాటి బయటికి రాకూడదు. రీగన్ ఒప్పుకోలేదు. ఒక్క మాట కోసం ఇంత పెద్ద అవకాశం వదిలేస్తావా అని ఒకరు, అది నాకు ఒక్క మాట కాదు, సిద్ధాంతం అని ఇంకొకరు. బయటికొచ్చినప్పటి ఫోటోల్లో ఇద్దరి మొహాలూ చూడండి, నెత్తురు చుక్క ఉండదు.

కానీ లక్ష్మి గారూ, అక్కడితో కథ అయిపోలేదు. 1987 డిసెంబర్ 8న వాషింగ్టన్‌లో మధ్యశ్రేణి క్షిపణులు తీసేసే ఐఎన్‌ఎఫ్ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది ఆ ఇద్దరే. 1991 మధ్యకల్లా 2,692 క్షిపణులు ధ్వంసం చేశారు, అందులో 1,846 సోవియట్‌వి. ఎదుటివాడు ఎంత దూరం రాగలడో ఇద్దరికీ తెలిసింది రేక్యావిక్‌లోనే.

పాతపేపర్
2019లో అమెరికా ఆ ఒప్పందంలోంచి బయటికి వచ్చేసింది, అది కూడా రాయండి మరి.

ఎర్రసిరా
రాశారుగా మీరు.

వీధిబడి_మాస్టారు
ఎర్రసిరా చెప్పిన పద్ధతి అన్నిసార్లూ పనిచేస్తుందనుకుంటే పొరపాటు. 1961 జూన్‌లో వియన్నాలో కెనెడీ అమెరికా అధ్యక్షుడిగా కొత్తగా పదవిలోకి వచ్చి, ఎదురుగా కూర్చుని మాట్లాడితే సోవియట్ నేత కృశ్చేవ్‌ని ఒప్పించగలననుకున్నాడు. ఆయన రెండు రోజులు వాయించి వదిలిపెట్టాడు. కెనెడీయే తర్వాత ఒక విలేకరి దగ్గర ఆ సంగతి ఒప్పుకున్నాడు. ఆగస్టు 13కల్లా బెర్లిన్‌లో గోడ లేచింది. ఈ కుర్రాడు మెత్తన అని కృశ్చేవ్ అంచనా వేసుకోబట్టే మరుసటేడు క్యూబాకి క్షిపణులు పంపాడనే వాళ్లున్నారు. అంచనా ఒక్కటే కారణం కాదనే వాళ్లూ ఉన్నారు. ఏదైనా, ముఖాముఖిలో మనిషి బలహీనత కూడా కనిపించిపోతుంది. అది ఫోన్‌లో కనపడదు.

కత్తిపీట
క్యూబా మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. అసలు బేరం ఏ శిఖరాగ్ర సమావేశంలోనూ జరగలేదు. 1962 అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ, సోవియట్ రాయబారి దోబ్రినిన్ ఇద్దరే కూర్చున్నారు. మీరు క్యూబాలోవి తీసేయండి, మేం టర్కీలో పెట్టిన మా జూపిటర్ క్షిపణులు కొన్నాళ్లకి తీసేస్తాం, కానీ ఈ మాట బయటికి రాకూడదు. అంతే. చాలా ఏళ్లు జనానికి తెలియనే లేదు, కృశ్చేవ్ ఒక్కడే తోక ముడిచాడనుకున్నారు.

కాబట్టి పిల్లి గారూ, మీరు కెమెరాలున్న చోట బేరం కోసం వెతుకుతున్నారు.

యూనియన్_బాబాయ్
కత్తిపీట చెప్పింది నేను చేత్తో పట్టుకుని చూసినవాణ్ని. దేశాల సంగతి కాదులెండి, ఒక కర్మాగారంలో యూనియన్ తరఫున మూడుసార్లు జీతాల చర్చల్లో కూర్చున్నాను. రెండోసారి పదకొండు రోజులు సాగింది. అంకె మీద గొడవ నాలుగో రోజుకే అయిపోయింది, నమ్ముతారా? మెట్ల దగ్గర సిగరెట్ కాలుస్తూ వాళ్ల మనిషీ మా మనిషీ అంకె అనేసుకున్నారు. మిగతా వారం రోజులు దానికి ఏం పేరు పెట్టాలన్న దాని మీదే. యాజమాన్యం పెంపు అని రాయడానికి ఒప్పుకోదు, రాస్తే మిగతా యూనిట్ల వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. మేం బోనస్ అని రాయనివ్వం, బోనస్ అంటే వచ్చే ఏడు ఉండకపోవచ్చు. చివరికి "సర్దుబాటు" అని రాశారు. మేం గేటు దగ్గరికొచ్చి పెంచారోయ్ అని అరిచాం. వాళ్లు హెడ్డాఫీసుకి పెంచలేదని రిపోర్టు పంపారు. రెండూ నిజమే.

ఆ సర్దుబాటు అనే మాట కాగితం మీద పెట్టినవాడు ఓ టైపిస్టు. కుర్రాడు. నాకిప్పటికీ గుర్తే.

కాఫీకప్పు
బాబాయ్ ఈ పోస్టుకి ఆస్కార్ ఇవ్వాలి.

దుబాసీ
నా పేరు చూసి ఎవరైనా పిలుస్తారేమో అని కూర్చున్నా. నేను పన్నెండేళ్లుగా వ్యాపార చర్చల్లో అనువాదం చేస్తున్నాను, దేశాధినేతల దాకా ఎప్పుడూ వెళ్లలేదు. రెండు సంగతులు.

ఒకటి, పిల్లి గారు దుబాసీ టైమ్ తీసేస్తే గంటన్నరే అన్నారు. ఆ టైమ్ వృథా కాదండీ. నేను మాట్లాడుతున్నంతసేపూ మా వైపు ఆయన ఎదుటివాడి మొహం చూస్తూ ఆలోచించుకుంటాడు. భాష తెలిసి కూడా తెలియనట్టు కూర్చునేవాళ్లని చూశాను. ఒకే మాట రెండుసార్లు వింటారు, జవాబుకి రెట్టింపు టైమ్ దొరుకుతుంది.

రెండు, బాబాయ్ గారి సర్దుబాటుకి దేశాల స్థాయిలో అన్నగారు ఉన్నాడు. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లినప్పుడు షాంఘై ప్రకటన రాశారు. చైనా తనదంటున్న తైవాన్ సంగతి ఎలా రాయాలి? చైనా ఒక్కటే అని జలసంధికి అటూ ఇటూ ఉన్న చైనీయులందరూ అంటున్నారు, ఆ సంగతి అమెరికా గమనించింది, దాన్ని కాదనడం లేదు అని రాశారు. ఒప్పుకుంటున్నాం అనలేదు చూడండి. దాని మీదే యాభై ఏళ్లు బండి నడిచింది. ఇంకా సరదా ఏంటంటే 1979 ప్రకటనకి వచ్చేసరికి ఇంగ్లీషులో అదే క్రియ ఉంచారు, చైనీస్ పాఠంలో మాత్రం అంగీకారానికి దగ్గరగా ఉండే మాట పడింది. ఎవరి భాషలో వాళ్లు చదువుకుంటున్నారు.

లాజిక్‌లక్ష్మి
ఇది తెలివా మోసమా? ఇద్దరూ రెండు రకాలుగా చదువుకునే కాగితాన్ని ఒప్పందం అంటే ఎలా? 1967 నవంబర్‌లో భద్రతా మండలి 242 తీర్మానం తీసుకోండి. ఇజ్రాయెల్ యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి వైదొలగాలి అని ఉంది. ఇంగ్లీషులో కొన్ని ప్రాంతాలని చదువుకోవచ్చు, ఫ్రెంచ్‌లో అన్ని ప్రాంతాలూ అని వస్తుంది. ఆ గొడవ ఇవాళ్టికీ తెగలేదు. ఆ రోజు సంతోషంగా చేతులెత్తారు, బిల్లు మాత్రం తర్వాతి వాళ్లు కడుతున్నారు.

దుబాసీ
మోసం అనను. స్పష్టంగా రాయాల్సిందే అని పట్టుబడితే ఆ రోజు తీర్మానమే ఉండేది కాదు. కానీ మీ మాటా కొట్టిపారేయలేను.

వీధిబడి_మాస్టారు
కాగితం మీద రాయకుండా నోటి మాటగా ఉంచితే ఇంకా ఘోరం. క్యాంప్ డేవిడ్, 1978 సెప్టెంబర్. అమెరికా అధ్యక్షుడు కార్టర్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ పదమూడు రోజులు అడవిలో కూర్చున్నారు. మొదటి మూడు రోజులకే బెగిన్, సాదత్ ఒకరి మీద ఒకరు కేకలేసుకోవడంతో ఇంక వాళ్లిద్దర్నీ చర్చకి ఎదురెదురుగా కూర్చోబెట్టడం మానేసి కార్టరే ఒక కాటేజీ నుంచి ఇంకో కాటేజీకి తిరిగాడు. 23 ముసాయిదాలు. ఒకరోజు సాదత్ సామాన్లు సర్దేసుకున్నాడు. చివరి రోజు బెగిన్ వెళ్లిపోతానన్నాడు. అప్పుడు కార్టర్ ముగ్గురూ ఉన్న ఫోటోల మీద బెగిన్ మనవల పేర్లు ఒక్కొక్కటీ రాసి, సంతకం పెట్టి, తనే పట్టుకెళ్లి ఇచ్చాడు. బెగిన్ ఆ పేర్లు పైకి చదువుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మెత్తబడ్డాడు.

కానీ నేను చెప్పొచ్చింది అది కాదు. ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్‌లో కొత్త సెటిల్‌మెంట్లు, అంటే యూదుల కాలనీలు, ఆపుతామని బెగిన్ నోటితో అన్నాడు. ఎన్నాళ్లు? మూడు నెలలే అన్నాను అని బెగిన్. కాదు, పాలస్తీనావాళ్ల స్వపరిపాలన చర్చలు నడిచినంతకాలం అన్నావు అని కార్టర్. ఇద్దరూ చనిపోయేదాకా ఎవరి మాట మీద వాళ్లే ఉన్నారు. సినాయ్‌ని ఈజిప్టుకి తిరిగివ్వాలని కాగితం మీద పెట్టిన సంగతి మాత్రం 1982 ఏప్రిల్‌కల్లా దాదాపు పూర్తిగా జరిగిపోయింది.

గోడమీదపిల్లి
ఓకే, ఇది నాకు కొత్త. అంటే నేతలు కలిస్తే తేలేది అయితే ఒక మాట, లేకపోతే కన్నీళ్లు.

కత్తిపీట
లేకపోతే బల్ల ఆకారం. వియత్నాం యుద్ధం ఆపడానికి ప్యారిస్‌లో కూర్చున్నప్పుడు బల్ల ఎలా ఉండాలన్న దాని మీద దాదాపు పది వారాలు కొట్టుకున్నారు. పిచ్చిగా అనిపిస్తుంది కానీ అసలు గొడవ బల్ల గురించి కాదు, దక్షిణ వియత్నాం తిరుగుబాటుదారులు వేరే పక్షమా కాదా అని. నాలుగు వైపులున్న బల్ల వేస్తే వాళ్లని పక్షంగా ఒప్పుకున్నట్టు. చివరికి 1969 జనవరిలో గుండ్రటి బల్ల వేసి, దానికి అటొకటి ఇటొకటి చిన్న బల్లలు పెట్టారు. గుండ్రటి దానికి వైపులే ఉండవుగా. ఆ పది వారాలూ అక్కడ మనుషులు చస్తూనే ఉన్నారు.

కాఫీకప్పు
దీనికి జోక్ వేద్దామనుకున్నా. చివరి లైను చదివి ఆగిపోయా.

నిద్రలేని_చందు
రాత్రి రెండింటికి మొత్తం చదివా. ఒకటి ఎవరూ అనలేదేంటి? గదిలో లేనివాడి సంగతి. అలాస్కాలో మాట్లాడింది ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ఎవరికి, యుద్ధం ఎక్కడ ఆపాలి అని. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆ గదిలో లేడు. 1938 సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో నాలుగు దేశాల నేతలు చెకోస్లొవేకియాని కోసి పంచుతుంటే చెకోస్లొవేకియా ప్రతినిధులు హోటల్లో కూర్చుని ఉన్నారు, ఏం తేలిందో తర్వాత చెప్పారు వాళ్లకి. 1945 ఫిబ్రవరి యాల్టాలో పోలండ్ సంగతి మాట్లాడారు, ఆ గదిలో పోలండ్ లేదు. మాస్టారు పొగిడిన క్యాంప్ డేవిడ్‌లో పాలస్తీనావాళ్లు లేరు. గదిలో ఉన్నవాడు తనది వదులుకోవాలంటే పదమూడు రోజులు ఏడిపిస్తాడు. పక్కవాడిది వదులుకోవడానికి మూడు గంటలు చాలు.

పాతపేపర్
చందూ, చివరి రెండు వాక్యాలతో నాకు పేచీ లేదు. కానీ అలాస్కాలో వదల్లేదు కదా. ఏమీ తేలకపోవడమే అక్కడ మంచి జరిగిందనుకునే వాళ్లు కీవ్‌లో చాలామంది ఉంటారు.

నిద్రలేని_చందు
అది ఒప్పుకుంటా. పిల్లి గారూ, మీరు తిట్టిన ఒట్టి చేతులే నయం ఒక్కోసారి.

వీధిబడి_మాస్టారు
నేను పొగడలేదు నాయనా, జరిగింది చెప్పాను.

లెక్కలపుస్తకం
నేను మామూలుగా ఇక్కడ రాయను. మీరంతా అణుబాంబులు, సరిహద్దులు పట్టుకున్నారు, కొలవగలిగిన వాటి సంగతి వదిలేశారు. అదే 2025 అక్టోబర్ 30న ట్రంప్, జిన్‌పింగ్ దక్షిణ కొరియాలోని బుసాన్‌లో కలిశారు, రెండు గంటలు కూడా కాలేదు. ఫెంటనిల్ అనే మత్తుమందు పేరుతో చైనా సరుకుల మీద అమెరికా వేసిన సుంకం 20 నుంచి 10 శాతానికి దిగింది. చైనా అరుదైన ఖనిజాల ఎగుమతులపై కొత్తగా పెట్టిన ఆంక్షల్ని ఏడాది వాయిదా వేసింది. ఏడాదికి 2.5 కోట్ల టన్నుల చొప్పున మూడేళ్లు సోయాబీన్ కొంటుందని అమెరికా ప్రకటించింది. శాతాన్ని సగం చేయొచ్చు, గడువుని ఏడాది జరపొచ్చు. దేశం సరిహద్దుని ఏడాది వాయిదా వేయలేరు.

పాతపేపర్
బాగా చెప్పారు. పైగా అక్కడ ముందు వారాంతంలో మలేషియాలో మంత్రుల స్థాయిలో కూర్చుని దాదాపు అంతా సర్దేశారు. నా బ్రాకెట్లు 🙂

ఎర్రసిరా
వదలరు కదా బ్రాకెట్లని. 2019 ఫిబ్రవరి హనోయ్ చూడండి. ట్రంప్, ఉత్తర కొరియా నేత కిమ్. అధికారులు ముందే వెళ్లి రోజుల తరబడి కూర్చున్నారు. భోజనం బల్ల సర్ది, పేర్ల కార్డులు పెట్టి, సంతకాల కార్యక్రమం టైమ్ కూడా ప్రకటించి, చివర్లో లేచిపోయారు. ఉత్తర కొరియాలోని యోంగ్‌బ్యోన్ అణుకేంద్రం మూసేస్తే ఆంక్షలు ఎన్ని ఎత్తేయాలన్న దగ్గర తెగింది.

పాతపేపర్
కిమ్ అధికారులకి అణ్వస్త్రాల గురించి మాట్లాడే అధికారమే ఇవ్వలేదు, ఆయనొచ్చాకే అన్నారు. కూర్చోవడం వేరు, బ్రాకెట్లు తీయడం వేరు.

లాజిక్‌లక్ష్మి
మీ సిద్ధాంతం ఎప్పటికీ ఓడదు పాతపేపర్ గారూ. పనిచేస్తే బ్రాకెట్ల వల్ల, పనిచేయకపోతే బ్రాకెట్లు లేక.

పాతపేపర్
😄 దొరికిపోయా.

గోడమీదపిల్లి
సరే, ఒక పందెం. అమెరికా, రష్యా మళ్లీ కూర్చుంటే ముందు ఏది తేలుతుంది? నేను ఆంక్షలు అంటా.

ఎర్రసిరా
అణ్వస్త్రాల లెక్క. ఆ రెండు దేశాల న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. చెరో 1,550 వార్‌హెడ్‌లకి మించి మోహరించకూడదన్నది అందులోని పరిమితి. దాని మీద ఇద్దరికీ అవసరం ఉంది, పైగా లెక్కలపుస్తకం గారు చెప్పినట్టు అది అంకె.

కత్తిపీట
ఖైదీల మార్పిడి. యుద్ధం నడుస్తుండగా కూడా ఆగనిది అదొక్కటే.

యూనియన్_బాబాయ్
అంకె ఎప్పుడో మెట్ల దగ్గర తేలిపోతుంది నాయనా. దానికి పేరు పెట్టే టైపిస్టు దొరకాలి.

కాఫీకప్పు
నాదొక చిన్న డౌట్. తలుపులేసుకుంటే లోపల ఏమన్నారో ఎవరు రాస్తారు? మాస్టారు చెప్పిన మూడు నెలల గొడవ లాంటిది వస్తే ఎవరిది రైట్?

దుబాసీ
నోట్స్ రాసుకునే అధికారి ఒకరు ఉంటారు. ఒక్కోసారి ఉండరు. 2018 జులైలో హెల్సింకీలో ట్రంప్, పుతిన్ రెండు గంటలు మాట్లాడుకున్నప్పుడు లోపల ఇద్దరు అనువాదకులు తప్ప ఎవరూ లేరు. ఆ అమెరికా అనువాదకురాలిని పిలిచి అడగాలని అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు పట్టుబట్టారు కూడా.

కాఫీకప్పు
అంటే రహస్యమంతా ఆవిడ నోట్‌ప్యాడ్‌లో ఉందన్నమాట!

దుబాసీ
మా నోట్‌ప్యాడ్‌లు మీరు చూడలేదు. సగం బాణాలు, పావు గీతలు, మధ్యలో ఒక ప్రశ్నార్థకం. నాది మర్నాటికి నాకే అర్థం కాదు.